తాళం తప్పని కన్నీరు

శుక్రవారం మధ్యాహ్నం రియాద్‌ బతా బజారులో, మా సీమవాళ్ళు నడిపే మెస్సులో అన్నంలో పప్పు కలుపుకుంటుండగా ఫోన్లో ఆమె ఫొటో వచ్చింది. తలలో తెల్ల పువ్వు, మూసిన కళ్ళు, రెండు చేతులతో పట్టుకున్న మైకు. పంపినవాడు జున్ అనే ఫిలిప్పీనో. రియాద్‌లో నేను పనిచేసే హోటల్లో రెండేళ్ళపాటు ఆమె పక్కన కూర్చుని పియానో వాయించాడు. ఇప్పుడు వాళ్ళ దేశంలో ఉన్నాడు. ఫొటో కింద ఎవరో ఇంగ్లీషులో రాసిన నివాళి ఉంది. ఇంగ్లండులో ఏదో ఆసుపత్రిలో నిద్రలోనే పోయిందట. కరీబియన్ సముద్రంలో ఒక చిన్న దీవిలో పుట్టి, నలభై ఏళ్ళు సొంతంగా జాజ్ పాటలు కట్టి పాడిందట. పేరొచ్చినా గర్వం ఎరగదట. మాట లేనివాళ్ళకు తన గొంతు ఇచ్చిందట.

గర్వం ఎరగదన్న దగ్గర ముద్ద ఆపాను. గొంతు ఇచ్చిందన్న దగ్గర నవ్వొచ్చింది.

ఎదురుగా కూర్చున్నాయన "ఏమప్పా, మంచి వార్తా?" అన్నాడు.

"ఒగామె చచ్చిపోయిందంట" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, కంచం తీసుకుని పక్క బల్లకు మారాడు.

నేను సౌండు పని చేస్తాను. కడపలో ఉరుసులకూ పెళ్ళిళ్ళకూ మైకులు కట్టిన చేతులతోనే ఇక్కడ హోటల్లో మిక్సర్ ముందు కూర్చున్నాను. ఈ దేశంలో హోటళ్ళలోకి పాట కొత్తగా అడుగుపెట్టిన రోజులవి. మా మేనేజరుకు ఒక జాజ్ గాయని కావాలనిపించింది. జాజ్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. పక్క హోటల్లో ఒకామె ఉందని మాత్రం తెలుసు. అట్లా మా హోటలుకు ఈమె వచ్చింది. మూడు పెట్టెలు, టోపీలకు వేరే డబ్బా. అరవై దాటిన మనిషి, నల్లని నున్నటి మొహం, నడిచొస్తుంటే దారి వదలాల్సినంత ఠీవి.

"ఇక్కడ సౌండ్ ఎవరు?" అని అడిగింది. నేనే అన్నాను. నా పేరు చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు డార్లింగ్. నువ్వు సౌండ్. చాలు."

ఆ రోజు నుంచి నేను సౌండ్‌ని. జున్ పియానో. డ్రమ్ములు వాయించే ఈజిప్టు కుర్రాడు డ్రమ్. అల్లం నీళ్ళు తెచ్చే నేపాలీ అతను వాటర్. అందరం డార్లింగులమే. పేరు గుర్తుంచుకునే శ్రమ లేకుండా ప్రేమ ఒలకబోసే ఉపాయం అది. నా చొక్కా మీద బిళ్ళ ఉండేది, మస్తాన్ అని ఇంగ్లీషులో. రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె కళ్ళు అంత కిందికి దిగలేదు.

అల్లం నీళ్ళ సంగతి చెప్పాలి. అల్లం తరగాలి, దంచకూడదు. దంచితే గొంతుకు పడదట. ఒకసారి వంటింట్లో ఎవరో దంచి ఇచ్చారు. ఆమె ఒక్క గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, వాటర్‌ని పిలిచి, "యూరప్‌లో నాకు రాజులు నీళ్ళు అందించారు, తెలుసా" అంది. ఏ రాజులో చెప్పలేదు. ఆ నేపాలీ అతను సారీ మేడమ్ సారీ మేడమ్ అంటూ వెనక్కి నడిచి కుర్చీకి తట్టుకున్నాడు. ఇక ఏసీ. చల్లగాలి తగిలితే స్వరం పగులుతుందని, ఆమె పాడినంతసేపూ లాంజ్‌లో ఏసీ ఆపించేది. రియాద్‌లో, జూన్ నెలలో. ఆపిల్ రసంలో సోడా, పుదీనా కలిపిన పానీయం ముందు పెట్టుకుని కాంట్రాక్టులు మాట్లాడుకునే పెద్దమనుషులు చెమటలు తుడుచుకుంటూ పైకి చూసేవాళ్ళు. పాట విని చలించారని ఆమె అనుకునేది.

ఆమెకు మూడు రకాల ఇంగ్లీషులు ఉండేవి. మేనేజరుతో ఒకటి, డబ్బున్న అతిథులతో ఒకటి, పాట ముందు కథ చెప్పేటప్పుడు మూడోది. ఆ మూడోదే దీవి ఇంగ్లీషట. మాటలు సాగుతూ, ఊగుతూ ఉండేవి. ఏడేళ్ళ వయసులోనే దీవి వదిలిన మనిషికి ఆ యాస ఇంకా ఎట్లా మిగిలిందని నేను జున్‌ని అడిగాను. "ఓడల మీద నేర్చుకుంది. విహారానికి పోయే ఓడల్లో పదేళ్ళు పాడింది. అక్కడ వాళ్ళకు దీవి పిల్ల కావాలి కదా" అన్నాడు.

ఆమె సొంత పాటలు పదకొండు. అన్నీ దీవి గురించే. అన్నిటికన్నా ముఖ్యమైనది పడవ పాట. దానికి ముందు కథ. ఏడేళ్ళ పిల్ల, ఇంగ్లండులో నర్సుగా పనిచేసే తల్లి దగ్గరకు పడవెక్కుతుంది. రేవులో అమ్మమ్మ నిలబడి తెల్లగుడ్డ ఊపుతుంటుంది. పడవ దూరమయ్యేకొద్దీ గుడ్డ చిన్నదవుతుంది. "చివరికి అది ఒక పక్షి అయిపోయింది" అని ఆమె తాళం లెక్కకు ఆగుతుంది. నాలుగు దెబ్బల సేపు. సరిగ్గా అప్పుడు ఎడమ కంట్లోంచి ఒక చుక్క జారుతుంది. ఎడమ కన్నే ఎందుకంటే కుర్చీలన్నీ అటువైపే ఉంటాయి. ఆ చుక్క కోసం నేను పియానో శబ్దాన్ని తగ్గించేవాణ్ణి. మిక్సర్ మీద జరిపే ఫేడర్ మీటను వేలి వెడల్పంత కిందికి లాగాలి. చుక్క చెంప దాటాక మళ్ళీ పైకి. రెండేళ్ళూ అంతే. ఒక రోజు లాంజ్‌లో ఒకే ఒక్క అతిథి ఉన్నాడు. ఆయనా సోఫాలో వెనక్కి వాలి నిద్రపోతున్నాడు. ఆ రోజూ చుక్క తాళం తప్పలేదు.

పడవ అబద్ధమని జున్ చెప్పాడు. పిన్నితో కలిసి విమానంలో వెళ్ళిందట. అమ్మమ్మ అయితే ఈమె పుట్టకముందే పోయిందట. ఆ సంగతి ఆమే ఏదో ధ్యాసలో అతనితో అనేసింది. ఆమె కథల్లో తండ్రి ఒక నెల జాలరి, ఒక నెల బడిపంతులు, అతిథుల్లో ఎవరైనా సంగీతం తెలిసినవాళ్ళు ఉంటే ట్రంపెట్ వాద్యకారుడు.

ఆమె దగ్గర ఒక ప్లాస్టిక్ ఫైలు ఉండేది. అందులో పాత పత్రికల ముక్కలు. ఎవరు పలకరించినా తెరిచి చూపించేది, తన వేలితో అవసరమైన చోటు మాత్రం చూపిస్తూ. ఒకసారి లిఫ్టు దాకా మొయ్యమని నాకిచ్చింది. దారిలో చదివాను. ప్రతి ముక్కలోనూ ఇంకెవరి గురించో పొగిడి, చివరి వాక్యంలో ఈమె కూడా పాడిందని రాశారు. నలభై ఏళ్ళ జీవితం, అన్నీ చివరి వాక్యాలే. ఆ ఫైలును ఆమె గదిలో పాస్‌పోర్టు పక్కన పెట్టి తాళం వేసుకునేది.

గొంతు సంగతి దాచను. గొంతు బాగుండేది. పాట ముందుకు పోతుంటే ఆమె తొందరపడేది కాదు. మాటను వెనక నుంచి తాపీగా నడిపించుకొచ్చి, ఇక తాళం తప్పిందనుకునే క్షణంలో కూర్చోబెట్టేది. అది నేర్పితే వచ్చేది కాదు. మధ్యాహ్నాలు మైకులు సరిచూసుకునేటప్పుడు, వినేవాళ్ళు లేనప్పుడు, కథ లేకుండా, కన్నీరు లేకుండా, ఏ యాసా లేకుండా ఊరికే పాడేది. అప్పుడు నేను పని ఆపి వినేవాణ్ణి. అది ఆమెకు తెలియనివ్వలేదు. తెలిస్తే దానికీ ఒక రాజు కథ చెప్పేది.

అట్లాంటి మధ్యాహ్నాల్లోనే పోశెట్టి లాంజ్ నేల తుడిచేవాడు.

పోశెట్టిది జగిత్యాల దగ్గర పల్లె. నలభై ఏళ్ళుంటాయి. నేల తుడిచే యంత్రం వెంట నడుస్తూ సన్నగా పాడుకునే అలవాటు. పాటలు అతనే కట్టేవాడు. పక్క మంచం అతని గురక మీద ఒకటి, కొండల్లోని ఖమీస్ ముషైత్‌లో చలికి వణికిన రోజుల మీద ఒకటి. అడిగితే సిగ్గుపడేవాడు. "ఊకనే అన్నా, యాది మరువకుంట" అనేవాడు.

ఆ ఏడు అతని అక్క చనిపోయింది. తల్లి చిన్నప్పుడే పోతే, బీడీలు చుట్టి అతన్ని పెంచింది ఆ అక్కే. పోశెట్టి ఊరికి వెళ్ళి తిరిగి రావడానికి కంపెనీ ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం ఇవ్వాలి. సంతకం పెట్టాల్సిన ముదీర్, అంటే కంపెనీ పెద్ద, సెలవులో ఉన్నాడు. కాగితం వచ్చేసరికి మూడో రోజు. అప్పటికి ఊళ్ళో అన్నీ అయిపోయాయి. పోశెట్టి ఇక వెళ్ళలేదు. నెల రోజులు ఏమీ పాడలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం యంత్రం ఆపి, కిటికీ దగ్గర నిలబడి ఇది పాడాడు.

తునికాకు కత్తిరిచ్చి, ఓ నర్సక్కా,
నీ వేళ్ళన్ని అరిగిపాయె, ఓ నర్సక్కా.
నన్ను సాదిన చేతులాయె, ఓ నర్సక్కా,
నిన్ను సాగనంప రాకపోతి, ఓ నర్సక్కా.

చివరి 'నర్సక్కా' దగ్గర స్వరం పైకి పోకుండా కిందికి దిగి, మాట్లాడుతున్నట్టు ఆగిపోయేది. అక్క పక్క గదిలో ఉంటే పిలిచినట్టు.

మేడమ్ తన గ్లాసు కింద పెట్టింది. "సౌండ్, ఏమంటున్నాడతను?"

నేనే చెప్పాను. ఒక్కో మాటా విడమరచి ఇంగ్లీషులో చెప్పాను. తునికాకు ఏమిటో, బీడీ ఏమిటో, వేళ్ళు ఎందుకు అరుగుతాయో. ఆమె పోశెట్టిని పిలిచి స్టేజీ అంచున కూర్చోబెట్టింది. ఫోన్లో రికార్డు చేసుకుంటూ మూడుసార్లు పాడించుకుంది. అతని భుజం తట్టి, "నువ్వు కవివి డార్లింగ్" అంది. పోశెట్టి నా దగ్గరకొచ్చి, "ఏమన్నదన్నా?" అని అడిగాడు. చెప్పాను. ఆ సాయంత్రం దాకా అతని మొహం మామూలుగా లేదు.

మూడు వారాల తర్వాత లాంజ్‌లో మగ్రిబ్ నమాజు అయ్యాక పాట మొదలైంది. ఆమె కళ్ళు మూసుకుని దీవి యాసలో కథ ఎత్తుకుంది. అమ్మమ్మ పొగాకు ఆకులు చుట్టేదట. చుట్టి చుట్టి ఆమె వేళ్ళు అరిగిపోయాయట. మనవరాలు చివరిచూపుకు పోలేకపోయిందట. తర్వాత పాట. స్వరం అదే, దిగడం అదే, ఆగడం అదే. మాటలు ఇంగ్లీషు. నర్సక్కా ఉండాల్సిన చోట 'గ్రాండ్‌మామా' అని ఉంది. ఎడమ కన్ను తన పని తాను చేసింది.

ఆ హోటల్లో మొదటిసారి అతిథులు కప్పులు కింద పెట్టారు. ఒక ముసలాయన తన తలగుడ్డ గుత్రా కొసతో కళ్ళు అద్దుకున్నాడు. ఆమె ఇన్నేళ్ళ పదకొండు పాటలకూ దొరకనిది ఒక నేల తుడిచేవాడి పాటకు దొరికింది.

పాట అయ్యాక నేను ఆమె గదికి వెళ్ళాను. ఆమె అద్దం ముందు పువ్వు తీస్తోంది.

"మేడమ్, అది పోశెట్టి పాట. అతని అక్క పాట" అన్నాను.

"ఎవరి పాట?"

"నేల తుడిచే అతనిది. మీరు రికార్డు చేసుకున్నారు."

ఆమె అద్దంలోంచే నన్ను చూసింది. కోపం లేదు. ఆ ఒక్కసారి మూడు ఇంగ్లీషుల్లో ఏదీ కాని మామూలు గొంతుతో మాట్లాడింది.

"నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు లండన్‌లో ఒక బ్యాండు నాయకుడు నా పాట తీసుకున్నాడు. నేను రాసిన మొట్టమొదటి పాట. రికార్డు మీద అతని పేరే వేసుకున్నాడు. ఊరంతా పాడింది. నేను అతని వెనక నిలబడి, నా పాటకే కోరస్ పాడాను. ఎవరూ నా తరఫున ఎవరి గదికీ వెళ్ళి అడగలేదు, సౌండ్."

అది అబద్ధం కాదని మాత్రం అనిపించింది, ఎందుకంటే కన్నీరు రాలేదు. గది బయటికొచ్చాక మెట్ల దగ్గర నిలబడి ఆలోచించాను. అంత దెబ్బ తిన్న మనిషికి ఇంకొకరి దెబ్బ తెలియాలి అనుకునేవాణ్ణి. ఈమె మాత్రం తనను దోచుకున్నవాడి దగ్గర ఆ విద్యే నేర్చుకుంది. నలభై ఏళ్ళు దాచుకుని, తనకన్నా కింద ఉన్న మనిషి దొరికేదాకా ఆగింది.

పోశెట్టికి చెప్పకుండా ఉండలేకపోయాను. అతను అరుస్తాడనుకున్నాను. మేనేజరు దగ్గరకు పోదాం పద అంటాడనుకున్నాను. నేనూ వస్తానని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

"మంచిగ పాడిందా?" అని అడిగాడు.

"బాగానే పాడింది. అది కాదప్పా, నీ పాట తనదంటాంది."

"అననియ్యి. పాటకేందన్నా, మల్ల కట్టుకుంట." తుడుపు గుడ్డ పిండాడు. "అక్క పేరు తీసేసిందంటివి గదా. గదొక్కటి ఉంచుమను. నా పేరు గూడ వద్దు. నర్సక్క అని ఒక్కపారి అంటె సాలు. నేనైతె పోలేకపోతి. పేరన్న నలుగుర్ల మోగుతది."

ఆ మాట తీసుకుని మళ్ళీ ఆమె దగ్గరకు వెళ్ళాను. ఆమె వెంటనే ఒప్పుకుంది. ఆశ్చర్యపోయాను. చలికాలం ఉత్సవాల్లో, ఊరి బయట పెద్ద స్టేజీ మీద ఆమెకు అవకాశం వచ్చింది. అక్కడ ఆ పేరుతోనే పాడతానంది. పోశెట్టిని పిలిపించి, అతని చెయ్యి పట్టుకుని మాటిచ్చింది. రోజూ మధ్యాహ్నం నేను పలకడం నేర్పాను. మొదట 'నార్సకా' అనేది. తర్వాత 'నర్సాకా'. రెండు 'క'లనూ నొక్కడం ఆమెకు వారం పట్టింది. వచ్చిన రోజు పోశెట్టి చీపురుకట్ట గోడకు ఆనించి వచ్చి, రెండు చేతులూ జోడించాడు. నాకు ఆమె మీద మొదటిసారి గౌరవం కలిగింది. అది ఎనిమిది రోజులు నిలిచింది.

ఉత్సవం గురించి ఆమె ఏమని చెప్పుకున్నా, ఆ కచేరీ ఆమెది కాదు. పెద్ద పేరున్నవాళ్ళు ఎక్కేముందు ఇరవై నిమిషాలు జనాన్ని కూర్చోబెట్టే పని. పోస్టరులో ఆమె పేరు అట్టడుగు వరసలో ఉంది. అయినా పోస్టరు ముందు నిలబడి నా చేత పదిసార్లు ఫొటో తీయించుకుంది, ఒక చేత్తో పై వరసలను కప్పేస్తూ. అసర్ నమాజు వేళ దాటాక మైకులు సరిచూశాం. ఖాళీ కుర్చీల ముందు పాట అంతా పాడింది. 'నర్సక్కా' అని స్పష్టంగా, జగిత్యాల మనిషి అన్నట్టే అంది. అందుకే చెబుతున్నాను, ఆమెకు పలకడం వచ్చు. మరిచిపోలేదు.

పోశెట్టికి ఆ రోజు డ్యూటీ. బయలుదేరేముందు సర్వీసు గేటు దగ్గర నన్ను పట్టుకుని, "పేరు వచ్చినప్పుడు జెర పెద్దగ పెట్టన్నా" అన్నాడు. పెడతానన్నాను.

చీకటి పడేసరికి కుర్చీలన్నీ నిండాయి. ఆమె చివరి పాటగా దాన్నే ఎత్తుకుంది. కథ మొదలైంది. దీవి, అమ్మమ్మ, పొగాకు ఆకులు. సరే, కథ ఏదైనా చెప్పుకో, పేరు అను చాలు, అనుకుంటూ ఆమె గొంతు ఫేడర్ మీద వేలు పెట్టుకుని ఉన్నాను. మొదటి చరణం చివర గ్రాండ్‌మామా. రెండోదానిలో గ్రాండ్‌మామా. మూడోదానిలోనూ అదే. ఇక చివరిది. స్వరం కిందికి దిగింది. ఆమె ఆగింది. నాలుగు దెబ్బల సేపు.

అప్పుడు నేను ఏం చేశానో చెప్పాలి. ఆమె గొంతు నా వేలి కింద ఉంది. ఒక్క లాగు లాగితే అన్ని వేలమంది ముందు ఆమె నోరు మాత్రమే కదిలేది. నా చెయ్యి కదిలింది. పక్కనున్న పియానో ఫేడర్‌ని వేలి వెడల్పంత కిందికి లాగింది. రెండేళ్ళ అలవాటు. చుక్క జారడానికి చోటు ఇచ్చింది. చుక్క జారింది. గ్రాండ్‌మామా అంది. జనం లేచి నిలబడ్డారు.

ఆమె స్టేజీ దిగి వస్తూ, "విన్నావా సౌండ్, విన్నావా వాళ్ళను?" అంది. మొహం వెలిగిపోతోంది.

"పేరు మేడమ్?"

"డార్లింగ్, ఆ మాట దగ్గర వాళ్ళు ఆగిపోతారు. అదేమిటా అని ఆలోచిస్తారు. అమ్మమ్మ అందరికీ ఉంటుంది" అంది. ముందే ఆలోచించుకుని ఆ పని చేసింది. వాటర్‌ని కేకేస్తూ వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున సర్వీసు గేటు దగ్గర పోశెట్టి నా కోసం నిలబడి ఉన్నాడు. డ్యూటీ అయిపోయినా గదికి పోలేదు.

"అన్నదా అన్నా?"

ఎందుకట్లా చెప్పానో ఇప్పటికీ నాకు నేను సర్ది చెప్పుకోలేను. "అనింది" అన్నాను. అక్కడితో ఆగినా సరిపోయేది. "ఆ పేరు కాడ్నే జనం లేచి నిలబడినారప్పా" అని కూడా అన్నాను.

పోశెట్టి అక్కడే, నా ముందే, అక్క కూతురికి ఫోన్ చేశాడు. "బిడ్డా, మీ అమ్మ పేరు రియాద్‌ల మోగిందే. ఇంత మంది లేసి నిలవడ్డరట. ఆఁ, మస్తానన్న సూసిండు." ఫోన్ నా చేతికిచ్చాడు. అటువైపు ఆ అమ్మాయి ఏడుస్తూ, "నిజమేనా మామా?" అంది. నిజమేనమ్మా అన్నాను. మేడమ్‌ది ఒక్క చుక్క. నాదీ అబద్ధమే, దానికి అంత నేర్పు కూడా లేదు.

ఆ చలికాలం దాటగానే ఆమె కాంట్రాక్టు అయిపోయింది. వెళ్ళేముందు తన ఫొటో ఒకటి సంతకం చేసి ఇచ్చింది. 'సౌండ్‌కి ప్రేమతో' అని రాసింది. దాన్ని లాంజ్ వెనక చెత్తడబ్బాలో వేశాను. ఆ మరుసటి ఏడు పోశెట్టి ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, ఊరికి వెళ్ళిపోయాడు. అప్పుడప్పుడూ పండగలకు ఫోన్ చేసేవాణ్ణి. ఆ పాట మాట ఎప్పుడూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

ఈ శుక్రవారం మెస్సు నుంచి బయటికొచ్చి, బతా సందుల్లో జనాన్ని తప్పించుకుంటూ ఒక మూసిన దుకాణం మెట్ల మీద కూర్చున్నాను. నివాళి చివర ఒక వీడియో ఉంది. ఆమె పాటల్లోకెల్లా గొప్పది అని రాసి, ఉత్సవంలో పాడిన ఆ పాటనే పెట్టారు. అమ్మమ్మ కోసం రాసుకున్న పాట అట. మొత్తం చూడలేదు. జగిత్యాలకు ఫోన్ చేశాను.

"మేడమ్ చచ్చిపోయిందంట పోశెట్టీ."

"అయ్యో. ఎప్పుడన్నా? ఏమైంది?"

నాకు తెలిసినంత చెప్పాను. తర్వాత నివాళిలో రాసినవి ఒక్కోటీ చదివి వినిపిస్తూ తిట్టడం మొదలుపెట్టాను. దొంగముండ అన్నాను, నటన అన్నాను, నోటికొచ్చినదంతా అన్నాను. చివరికి తిట్లు అయిపోయి, "నీకొగటి చెప్పల్ల. ఆ పొద్దు ఆమె మీ అక్క పేరు అనలేదు. నేను నీకు అబద్ధం చెప్పినా" అన్నాను.

"ఎర్కేనన్నా."

"ఎట్ల తెలుసు?"

"గా వారంలనే జున్ ఫోన్ల పాట సూపెట్టిండు. పేరు కోసమని నాలుగు మాట్ల పెట్టి సూసిన. లేదు."

"మరి నన్ను అడగలేదే?"

"అడిగితె నువ్వేం జెప్తవు? అప్పటికే ఇంట్ల చెప్పిన. మా మేనకోడలు ఊరందరికి చెప్పుకున్నది. గట్లనే ఉండనిచ్చిన." అవతల బర్రె గొంతేదో వినబడింది. అతను దాన్ని అదిలించి మళ్ళీ ఫోన్లోకి వచ్చాడు. "అన్నా, మేడమ్ పేరేంది? గన్ని దినాలు ఒక్క కాడ పని జేసినం, ఎన్నడు అడుగలే."

"ఇప్పుడు ఆమె పేరు నీకెందుకు?"

"సచ్చిపోయింది గదన్నా. ఒక్కపారి పేరు తీసుకోవాలె."

ఫోను చెవికి దూరంగా తీసి చూశాను. నివాళి ఇంకా తెరిచే ఉంది. ఫొటో కింద ఆమె పేరు, ఇంటిపేరుతో సహా, లావుపాటి అక్షరాల్లో ఉంది.

"మతికి లేదప్పా" అన్నాను.

నా మాట నమ్మాడని నేననుకోను.

"సరె తీ అన్నా. మేడమ్ అని అంట" అన్నాడు పోశెట్టి.